ఓటిస్ ముఖానికి సరైన ఛాయ

డాక్టర్ మల్లికార్జునరావు గారు ఉద్యోగం చేసినన్నాళ్లూ మనుషుల ముఖాల కేసి పెద్దగా చూడలేదు. ఆయన పాథాలజిస్టు. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్క గాజుపలక మీద ఆయన దగ్గరికి వచ్చేది. రంగు అద్ది, మైక్రోస్కోపులో చూసి, ఏ జబ్బో రాసి పంపేవారు. ఆ రంగులో తెల్లవాడూ నల్లవాడూ తెలుగువాడూ ఒకేలా గులాబీ, ఊదా కలిసి కనిపించేవారు. “నా దగ్గర అందరూ సమానమే,” అని డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల విందుల్లో చెప్పుకునేవారు.

రిటైరయ్యాక డెట్రాయిట్ శివారు నోవైలోని ఇంట్లో ఆయన పరీక్షించడానికి వంటింటి డబ్బాలు మిగిలాయి. అన్నిటికీ లేబుళ్లు అంటించారు. ఒక ఉదయం ఇంగువ ఎక్కడా కనబడక, చివరికి ‘చెట్టు బంకలు’ అనే లేబులు కింద దొరికింది. ఆ మధ్యాహ్నమే ఆయన భార్య హైమ గారు లైబ్రరీకి వెళ్లి, అక్కడి పెయింటింగ్ క్లాసులో ఆయన పేరు రాయించి వచ్చారు.

“నాకు బొమ్మలు రావు కదా హైమా.”

“వంటా రాదు. అయినా రోజంతా వంటింట్లోనే ఉంటున్నారుగా.”

క్లాసు చెప్పే డెనీస్ డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి అమ్మాయి. ఊళ్లో గోడల మీద పెద్దపెద్ద బొమ్మలు వేస్తుంది. మొదటి నెల అందరిచేతా ఆపిల్ పళ్లు వేయించింది. డాక్టరు గారి ఆపిల్ మీద మచ్చలు ఎంత కచ్చితంగా కుదిరాయంటే, చూసినవాళ్లు ఆ పండు ఇంకా ఎంతకాలం బతుకుతుందని అడిగారు.

తర్వాత డెనీస్ ఒక గోడ సంగతి చెప్పింది. ఎన్నో ఏళ్ల కిందట హైవే కోసం నల్లవాళ్ల వీధులు కొన్ని కూలగొట్టారు. ఆ వీధుల్లో పెరిగి ఇంకా బతికున్నవాళ్ల ముఖాలు ఒక మంగలిషాపు గోడ మీద, హైవేకి ఎదురుగా వేయాలి. ఒక్కొక్కరూ ఒక్కో ముఖం పల్చటి గుడ్డ మీద ఇంట్లో వేసుకొస్తే, వాటిని గోడకి అంటిస్తారు. డాక్టరు గారి వంతుకి షాపు యజమాని ఓటిస్ వచ్చాడు.

ఫొటో ముందు పెట్టుకుని గరాజ్‌లో ఆయన తపస్సు చేశారు. పూర్తవగానే బొమ్మ వేసిన గుడ్డని చుట్టగా చుట్టి, డ్రైవ్ చేసుకుంటూ షాపుకి వెళ్లారు. ఓటిస్ కత్తెర పక్కన పెట్టి బొమ్మకేసి చూశాడు.

“ఎవరు డాక్, ఈయన?”

“మీరే.”

మెడకు గుడ్డ కట్టించుకుని కుర్చీలో కూర్చున్నాయన వంగి చూసి, “ఓటిస్, నీకు లోన్ ఇవ్వనన్న బ్యాంకు మేనేజర్‌లా లేడూ?” అన్నాడు.

షాపంతా నవ్వింది. ఓటిస్ మాత్రం మర్యాదగా, “మనిషి చాలా బాగున్నాడు. నా గోడ మీద ఎందుకున్నాడో తెలియడం లేదు, అంతే,” అన్నాడు.

డాక్టరు గారు ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చారు.

“అందంగా వేస్తే కూడా తప్పేనా?” అన్నారు.

హైమ గారు గుడ్డ విప్పి చూశారు. “తెలుపు కలిపారు.”

“కొంచెం. వెలుగు కోసం.”

“మా నాన్న కూడా వెలుగు కోసమే కలిపించారు, కాకినాడ స్టూడియోలో, మీకు పంపిన ఫొటోకి. పెళ్లిచూపులకొచ్చి మీ మేనత్త ఏమన్నారో గుర్తుందా?”

“లేదు.”

“‘ఫొటోలో పిల్ల ఇంకా తయారవుతోందా?’ అన్నారు. నేను ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నాను.”

ఆయన నవ్వబోయి, హైమ గారు నవ్వడం లేదని చూసి ఆగారు.

“నేనేమన్నాను అప్పుడు?”

“మీరా? మైసూరుపాకు తింటున్నారు.”

మర్నాడు ఆయన మళ్లీ షాపుకి వెళ్లారు. గోడ పని చూడ్డానికి అక్కడికొచ్చిన డెనీస్ ఆయన రంగుల పెట్టెలోంచి తెలుపు ట్యూబు తీసి తన సంచీలో వేసుకుంది. “ముందు కూర్చుని చూడండి. గీయొద్దు,” అంది.

ఆయన బెంచీ మీద కూర్చుని చూశారు. ఓటిస్ నుదుటి మీద కిటికీ వెలుతురు పడినచోట నీలం ఉంది. చెవుల దగ్గర తడిసిన ఎర్రమట్టి రంగు. దవడ కింద, ఆశ్చర్యం, కొద్దిగా ఆకుపచ్చ. ఇన్నేళ్లు ‘నలుపు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నానే అనుకున్నారు.

జుట్టు కత్తిరిస్తూ ఓటిస్ తమ పాత ఇంటి గురించి చెప్పాడు. “మా అమ్మ వంటిల్లు సరిగ్గా అక్కడ ఉండేది,” అని కత్తెరతో హైవే వైపు చూపించాడు.

“ఆ రోడ్డు మీదే నేను రోజూ హాస్పిటల్‌కి వెళ్లేవాణ్ణి. ఒక్క సిగ్నల్ ఉండదు, సాఫీగా...” అంటూ డాక్టరు గారు ఆగిపోయారు.

“అంటే రోజూ మా వంటింట్లోంచే వెళ్లారన్నమాట,” అన్నాడు ఓటిస్. “ఒక్కసారైనా కాఫీకి ఆగలేదు.”

ఈసారి షాపులో అందరికన్నా ఆలస్యంగా నవ్వింది డాక్టరు గారే. నవ్వు అయ్యాక చాలాసేపు ఆ రోడ్డుకేసే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి హైమ గారిని కూర్చోబెట్టి సాధన చేశారు. ఆవిడ కుర్చీలోనే నిద్రపోయారు. లేచాక బొమ్మ దగ్గరికి వచ్చి చూశారు. “ఛాయ నాదే,” అన్నారు. “ముక్కు ఎవరిదో కనుక్కోండి.”

అక్కణ్ణుంచి ఆయనకి రంగులు తలకెక్కాయి. తెలిసిన తెలుగు కుర్రాడు యోగానంద్ ఇంట్లో విందుకి వెళ్లినప్పుడు, అతని భార్య రేణు పప్పు వడ్డిస్తుంటే తేరిపార చూసి, “నీ గడ్డం కింద మంచి ఆకుపచ్చ ఉందమ్మా,” అన్నారు. రేణు గరిటె కింద పెట్టేసింది. “ఏ టెస్టులు చేయించుకోవాలి అంకుల్?” అంది. ఆమెకి నచ్చజెప్పేసరికి పప్పు చల్లారింది.

వేసవిలో ముఖాలన్నీ గోడకెక్కాయి. డాక్టరు గారు మళ్లీ వేసిన కొత్త ఓటిస్‌ని అంటించినరోజు అసలు ఓటిస్ బయటికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక లారీలు రొద చేస్తూ పోతున్నాయి. డాక్టరు గారికి ఏ పరీక్ష ఫలితానికీ పట్టనంత చెమట పట్టింది.

“ఇతను నాకు తెలుసు,” అన్నాడు ఓటిస్ మెల్లగా. “వాళ్లమ్మ కూడా గుర్తుపడుతుంది.”

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“కానీ డాక్, ఈ జుట్టు ఎవరు కత్తిరించారు? నుదుటి మీద జుట్టు అంచు గీత వంకరగా ఉంది. నా షాపు గోడ మీద ఇలాంటి తల ఉంటే ఇంక గిరాకీ రాదు.”

ఓటిస్ బ్రష్ అడిగి పుచ్చుకుని నిచ్చెన ఎక్కాడు. లోపల కుర్చీలో సగం కత్తిరించిన జుట్టుతో ఉన్నాయన ఎంతసేపని కేకేస్తున్నాడు. డాక్టరు గారు రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, తలెత్తి చూస్తూ నిలబడ్డారు.