గంజి బట్టలో వడబోసిన శాంపిల్

1949 వానాకాలంలో నన్ను మిర్యాలగూడ నుంచి సూర్యాపేట సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. హోదా ల్యాబ్ అసిస్టెంటు. డాక్టరు గారి కింద కంపౌండరు, కంపౌండరు పక్కన నేను. నా సామానల్లా ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం, ఒక థర్మామీటరు, కొన్ని గాజు గొట్టాలు. వాటిని ఎవరు ముట్టుకున్నా నాకు ఒళ్ళు మండేది.

నాట్ల సమయంలో గరిడేపల్లి నుంచి నర్సమ్మ అనే ఆవిడను బండిలో తెచ్చారు. యాభై దాటిన మనిషి, నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. నడుము నొప్పి, ఎముకల్లో పోటు, మొహం పాలిపోయి ఉంది. ఎముక మూలుగలో ఉండే ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సరేమోనని డాక్టరు గారికి అనుమానం వచ్చింది. అప్పట్లో దానికి మందు లేదనే చెప్పాలి. మూలుగ తీసే సూది మా దగ్గర లేదు. ముందుగా చేయగలిగింది మూత్ర పరీక్షే.

ఆ జబ్బులో చాలామందికి మూత్రంలో ఒక వింత ప్రోటీన్ దిగుతుంది. గుడ్డు తెల్లసొన వేడికి గడ్డకడితే ఇక కరగదు. ఇది అలా కాదు. గొట్టాన్ని నీళ్ళ గిన్నెలో నిలిపి మెల్లగా వేడి చేస్తే అరవై డిగ్రీల దగ్గర తెల్లగా విరుగుతుంది, మరిగిస్తే కరుగుతుంది, చల్లారితే మళ్ళీ కనబడుతుంది.

మర్నాడు పొద్దున నర్సమ్మ కోడలు సీసా తెచ్చింది. పరీక్ష పెట్టాను. మరిగినప్పుడు తేటపడింది, చల్లారాక మళ్ళీ తెల్లబారింది. డాక్టరు గారు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, సాయంత్రం నర్సమ్మ భర్తను పిలిచి చెప్పేస్తానన్నారు. నాకు మాత్రం ఒకటి మింగుడుపడలేదు. దీపం వెలిగించకముందే ఆ శాంపిల్ మసకగా ఉంది, ఫిల్టర్ కాగితంలో పోసినా తేటపడలేదు. ఆ ప్రోటీనే అయితే వేడి తగిలేదాకా కనబడకూడదు. ఈ మాట అంటే డాక్టరు గారు ఒక చుక్క అయోడిన్ వేసి చూద్దామన్నారు. వేశాం. గొట్టమంతా నీలమైంది. నీలమంటే పిండిపదార్థం. మూత్రంలో పిండి ఏమిటి?

కోడలిని పిలిచి సీసా ఎట్లా తెచ్చిందో అడిగాను. ఆమె తల వంచుకుంది.

“దవాఖానల మురికిది ఇస్తే మంచిగుండదని బట్టల వడబోసిన సారూ. పాత బట్ట గాదు, మందంగ గంజి వెట్టి ఆరేసిన చీర కొంగు.”

డాక్టరు గారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన ముందు ఎప్పుడూ నవ్వని నేనూ నవ్వేశాను. గంజి కూడా మరిగితే తేటపడుతుంది, చల్లారితే మళ్ళీ తెల్లబారుతుంది.

నవ్వితే పరీక్ష పూర్తి కాదు. కాచి ఆరబెట్టిన సీసా ఇచ్చి మళ్ళీ తెప్పించాం. ఈసారి అరవై దగ్గరా, మరిగినా, చల్లారినా తేటగానే ఉంది. ఆ ఒక్కదానితో జబ్బు లేదని తేల్చలేం గనుక రక్తం చుక్కను గాజు పలక మీద పరిచి చూశాను. ఆ జబ్బులో ఎర్రకణాలు దొంతరలుగా అతుక్కుంటాయి. ఇక్కడ విడివిడిగా, చిన్నగా, వెలిసిపోయి ఉన్నాయి. అది ఇనుము చాలని రక్తం. మలం పరీక్షలో కొంకి పురుగు గుడ్లు బోలెడు కనిపించాయి. ఉత్తకాళ్ళతో బురదలో తిరిగేవాళ్ళకు పట్టి, పేగుల్లో చేరి రక్తం పీల్చే పురుగు అది. పురుగు గుడ్లను చూసి నేను అంత సంతోషపడ్డ రోజు మరొకటి లేదు. వంగి వంగి నాట్లు వేసే నడుముకు నొప్పి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం డాక్టరు గారు భర్తతో చెప్పింది ఈ సంగతే. మంచం మీద నుంచి నర్సమ్మ అడిగింది.

“పురుగులేనా సారూ? అయితే నాట్లు ఖతం గాకముందే లేస్తనా?”

లేచింది. మందు పడ్డాక, ఆఖరి మళ్ళకు ముఠా ముందు నిలబడిందని కోడలే వచ్చి చెప్పి పోయింది.

తర్వాత కోదాడలోనూ, ఇతర చోట్లా పనిచేశాను. ప్రోటీన్లను కరెంటుతో విడదీసే యంత్రాలు వచ్చాయి, ఆ జబ్బును నిజంగా పట్టుకున్న రోజులూ ఉన్నాయి. ఏ యంత్రమైనా తనలో పోసినదాన్నే చూపిస్తుంది, అది ఏ దారిన వచ్చిందో చెప్పదు. అందుకే రిటైరయ్యేదాకా నా మొదటి పరీక్ష నోటితోనే చేశాను: “ఎట్ల తెచ్చినవమ్మా?”