గుడి పక్కన ఎడమకి తిరగండి

మ్యాపు పాఠం చెప్పేవాడికి దారులు తెలిసి ఉండాలన్న నిబంధన మా బడిలో లేదు. ఉంటే నాకా ఉద్యోగం వచ్చేది కాదు. షేక్‌పేటలో నేను కిరాయికుండే గది నుంచి ఫిల్మ్ నగర్‌లోని బడికి రోజూ ఫోన్ చెప్పినట్టే వచ్చేవాణ్ణి. అది ఎడమంటే ఎడమ, కుడంటే కుడి. చిన్నప్పుడు మా అమ్మ మాట కూడా అంత బుద్ధిగా వినలేదు.

అయినా సోషల్ టీచర్ని కాబట్టి, ఏడో తరగతి పిల్లలకు దిక్కులూ దూరాలూ కంప్యూటర్ మీద నేర్పే పని నా మీద పడింది. వారం రోజులు బడి చుట్టుపక్కల ఉపగ్రహ చిత్రం తెరిచి, పైనుంచి కనిపించే కప్పుల్ని చూసి కింద ఉన్నదేమిటో పోల్చుకున్నాం. గుర్తులు పెట్టాం. దారులు గీశాం. ఆఖరి రోజు ఆ దారిని కాగితం మీద ప్రింట్ తీసుకుని, నలుగురేసి పిల్లలు, వెంట ఒక పెద్ద మనిషి, నిజంగా నడిచి అరగంటలో తిరిగి రావాలి.

నియమం ఒక్కటే: ఎవర్నీ దారి అడగకూడదు. అడిగితే మార్కులు కోత. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకు ఇది నిరాహార దీక్షతో సమానం. ఇక్కడ ఇంటి నంబరు గోడకు అందం కోసం. అడ్రసంటే నలుగుర్ని అడగడమే.

గుర్తులన్నీ పిల్లలే పెట్టారు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నాది. ముందురోజు సాయంత్రం దారి చూసుకుంటూ వెళ్తే, వాలు దిగాక మలుపు దగ్గర ఓ గుడి కనిపించింది. కొత్త రంగులు, గోపురం, గంట. చెప్పులు విప్పి దండం కూడా పెట్టుకున్నాను. ‘గుడి పక్కన ఎడమకి తిరగండి’ అని మ్యాపులో రాశాను.

ముందు బెంచీ అమ్మాయి తెర మీద వేలు పెట్టింది.

“సార్, గీడ గుడి లేదు సార్. ఖాళీ జాగా ఉంది.”

“ఫొటో పాతదమ్మా. గుడి కొత్తది.”

“మరి మ్యాపుని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా సార్?”

“మార్కులు ఎవరేస్తారు?”

“మీరే సార్.”

“మరింకేం.”

మూడు జట్లు మూడు దారుల్లో వెళ్లాయి. గుడి దారి ఆ అమ్మాయి జట్టుకొచ్చింది. వాళ్ల వెంట ఆయమ్మని పంపాను. గేటు దగ్గర కూర్చుని పీరియడ్ పీరియడ్‌కీ బెల్లు కొట్టే పెద్దావిడ. అరగంటకి రెండు జట్లు వచ్చేశాయి. మూడోది రాలేదు. ఆయమ్మకి ఫోన్ చేస్తే, గేటు దగ్గర కొక్కేనికి తగిలించిన ఆమె సంచీ మోగింది.

నాకు భయమేస్తే జోకులొస్తాయి. నలభై నిమిషాలయ్యేసరికి అవీ ఆగిపోయాయి.

ప్రిన్సిపల్ మేడం వరండాలోకి వచ్చింది. “మాస్టారూ, బెల్లు కొట్టలేదేంటండీ? ఆయమ్మ ఏదీ?”

“పాఠంలో ఉందండీ.”

“ఆయమ్మా?”

“నలుగురు పిల్లలతో బయటికెళ్లింది మేడం. ఈపాటికి రావాలి.”

ఆవిడ గడియారం చూసుకుంది. “మరి ఇంకా ఇక్కడ నిలబడ్డారేంటండీ!”

పరుగెత్తాను. ఆ వాలు మీద ఫుట్‌పాత్ లేదు. స్టూడియో వ్యాన్లు, కార్లు, వెనక్కి వస్తున్న నీళ్ల ట్యాంకరు. నిన్న ఇవేవీ నాకు కనిపించలేదు. దూరంగా నీలం యూనిఫాం కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది, దగ్గరికెళ్తే వాచ్‌మన్. వాలు అయిపోయింది, గుడి రాలేదు. పెద్ద రోడ్డు వచ్చేసింది. అక్కడ చాయ్ బండి దగ్గర ఆగాను.

“అన్నా, గీడ గుడి యాడుంది?”

“ఏ గుడి?”

“కొత్తది. గోపురం, గంట…”

“గదా? గది షూటింగ్ గుడి తమ్మీ. తెల్లారంగనే విప్పి లారీలెక్కిచ్చిండ్రు.” చాయ్ వడపోస్తూ నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. “మొక్కినవా ఏంది?”

“నలుగురు పిల్లలు, ఒక పెద్దామె. ఇటు గిట్ల వచ్చిండ్రా?”

అతని నవ్వు ఆగిపోయింది. “ఏమో తమ్మీ. నన్నైతే ఎవ్వరేం అడగలే.”

అడగరు. అడగొద్దన్నది నేనే. ఇంట్లో ఒక్క మాటా వినని పిల్లలు బడిలో సరిగ్గా ఇలాంటి మాటే వింటారు. దారి తప్పి ఫ్లైఓవర్ ఎక్కినా సరే, నోరు తెరవరు.

ఫోన్‌లో తరగతి మ్యాపు తెరిచాను. నేను పెట్టిన గుర్తు ఖాళీ జాగా మీద కూర్చుని ఉంది. నేను దాన్ని దాటి చాలా ముందుకొచ్చేశాను. వారం రోజులుగా చెప్పిన పనిని అప్పుడు మొదటిసారి నేను చేశాను. నిలబడి, ఎదురుగా ఉన్న రోడ్డుకి సరిపోయేలా ఫోన్‌ని తిప్పి, ఒక్కో కప్పూ పోల్చుకుంటూ వెనక్కి నడిచాను. నీలం రేకుల షెడ్డు. రెండు నీళ్ల ట్యాంకులు. వాటి సందులోంచి వెళ్తే ఓ ఖాళీ జాగా, విరిగిన థర్మాకోల్ ముక్కలు.

బండరాయి మీద ఆయమ్మ. చుట్టూ పిల్లలు. నేల మీద మ్యాపు, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు. లెక్కపెట్టాను. నలుగురు. మళ్లీ లెక్కపెట్టాను.

“ఏంది సారు, ఎంతసేపు కూసోవాలె గీడ?” అంది ఆయమ్మ.

“ఎవర్నన్నా అడగొచ్చు కదా ఆయమ్మా!”

“అడుగుతనంటే ఈ పోరి నా నోరు మూసింది. సారు మార్కులు తీస్తడంట. ఏం, నా మార్కులు గూడ తీస్తవా?”

అమ్మాయి మ్యాపు మీద వేలు పెట్టింది. “వాలు దిగినం, ట్యాంకుల మధ్యలకెళ్లి వచ్చినం. ఇదే జాగా సార్. మేం కరెక్టే. గుడే రాలేదు.”

“మరి వెనక్కి వచ్చేయొచ్చు కదమ్మా?”

“గుడి లేకుంటే ఏం చేయాల్నో మీరు రాయలే సార్.”

అందరిలోకీ పొట్టివాడి చెంపల మీద దుమ్ములో రెండు చారలున్నాయి. ఏడ్చి, తుడుచుకుని, మళ్లీ గుడి కోసం చూస్తూ కూర్చున్నాడన్నమాట.

బడి గేటు దగ్గర మేడం నన్ను తిట్టే ముందు తనూ లెక్కపెట్టింది. జరిగింది రాసివ్వమంది. రాసిచ్చాను. చదివి, “దండం పెట్టుకున్న సంగతి అక్కర్లేదండీ, కొట్టేయండి” అంది. అదొక్కటే కొట్టేశాను. బయటి నడకలు ఆపేశారు. ఆపకపోతే నేనే ఆపమని అడిగేవాణ్ణి.

మర్నాడు బోర్డు మీద పాత నియమం చెరిపేసి, ‘దారి తప్పితే అడగాలి’ అని రాశాను. పొట్టివాడు చెయ్యెత్తాడు.

“ఎవర్ని అడగాలె సార్? తెల్వనోళ్లతోని మాట్లాడొద్దని ఇంట్ల చెప్పిండ్రు.”

ఇంట్లో చెప్పిందీ తప్పు కాదు. అందుకని మళ్లీ మ్యాపు తెరిచి, భయం లేకుండా ఎవర్ని అడగొచ్చో వాళ్లకే గుర్తులు పెట్టమన్నాను. మందుల షాపు అక్కకి ఒకటి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర తాతకి ఒకటి. ఇస్త్రీ బండి ఆమె దగ్గర ముందు బెంచీ అమ్మాయి ఆగింది.

“సార్, ఆమె పొద్దుగాల గేటు దగ్గరుంటది. మధ్యాహ్నం నీడకని గోడ దిక్కు జరుగుతది. యాడ పెట్టాలె?”

“రెండు చోట్లా పెట్టు. పక్కన టైము రాయి.”

పెట్టింది. ఆదివారాలు ఆమె అసలు రాదు. ఆ సంగతి పిల్లలెవరూ ఎత్తలేదు. ఆదివారం బడి లేదు కదా అని నాకు నేను చెప్పుకుని, మ్యాపు సేవ్ చేశాను.