అత్తమ్మ ఎక్కించిన బస్సు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను సిరిసిల్లలో బట్టలు నేసేవాణ్ణి. నా భార్య కోపమొస్తే చేతికందిన దానితో నన్ను కొట్టేది. మగవాణ్ణి కదా, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకరోజు ఆమె కాల్చిన గరిటెతో నా చేతిమీద వాత పెడుతుండగా మా అత్తమ్మ చెప్పాపెట్టకుండా ఊరి నుంచి వచ్చింది. కూతురినే వెనకేసుకొస్తుందనుకున్నాను. ఆమె గరిటె గుంజుకొని నావైపు తిరిగింది.

"ఎన్నొద్దులసంది గిట్ల?"

"మూడేండ్లాయె, అత్తమ్మా."

"నా బిడ్డైతే ఏంది, తప్పు తప్పే. నువ్వు గీడుంటె బతకవు. కాగజ్‌నగర్‌ల మా తమ్ముడున్నడు, ఆడికి పో కొడుకా."

నా బట్టలు తానే మూటగట్టి కరీంనగర్ బస్సెక్కించింది. అక్కణ్ణుంచి ఆ తమ్ముడి దగ్గరికి చేరాను. కాగజ్‌నగర్‌లో పని దొరికింది, కంటినిండా నిద్ర దొరికింది.

సొంత కూతుర్ని కాదని నన్ను కాపాడిన ఆమెకు ఆ కంగారులో దండం పెట్టడమే మరిచాను. ఇప్పుడు పెడుతున్నాను.