వన్స్‌మోర్ అడిగిన వీరాంజనేయులు

పద్యనాటకం ఉన్న రోజు వీరాంజనేయులు మధ్యాహ్నమే నిద్రపోతాడు. తెల్లవార్లూ కూర్చోవాలి కాబట్టి. పర్చూరు దగ్గర మిర్చి, శనగ వేసే రైతు. చుట్టుపక్కల వేషగాళ్లకు ఆయనంటే భయం. రాగం జారిందంటే ముందు వరసలోంచి గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గుకు పద్యం మరిచిపోయినవాళ్లు ఉన్నారు.

మొన్న శనివారం కూడా మధ్యాహ్నం పడుకుని లేచి, సంచిలో దుప్పటి, కారప్పూస పెట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. అక్కడ కూతురు మాధురి ప్రోగ్రాం ఉంది.

బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని ఆమెను గుంటూరు హాస్టల్లో చేర్పించారు. పిల్ల క్లాసులకు రావడం మానేసిందని కోచింగ్ వాళ్లే ఫోన్ చేసి చెప్పారు. నిలదీస్తే, కంప్యూటర్‌తో సంగీతం చేస్తున్నానని, ఇక అదే చేస్తానని చెప్పింది. సామాను సర్దించి ఇంటికి తీసుకురమ్మంది తల్లి లక్ష్మీదుర్గ. మాధురి తండ్రిని ఒక్కటే అడిగింది.

"ఒక్కసారి వచ్చి చూడు నాన్నా. చూశాక కూడా ఇంటికి రమ్మంటే మారుమాట్లాడకుండా వచ్చేస్తా."

వీరాంజనేయులు ఒప్పుకున్నాడు. ఆట చూడకుండా ఏ వేషగాణ్ణీ ఆయన కాదనలేదు.

ప్రోగ్రాం బ్రాడీపేటలో ఓ కాఫీ షాపు మేడమీది గదిలో. తెర లేదు, హార్మోనియం లేదు. బల్ల మీద వైర్లు, రెండు లాప్‌టాప్‌లు, మీటలున్న పెట్టెలు. కుర్రకారంతా గోడలకు చేరబడి నిలబడ్డారు. వీరాంజనేయులు బల్లకు ఎదురుగా దుప్పటి పరిచి కూర్చున్నాడు. షాపు యజమాని రామకాంత్ వంగి, ఇక్కడ అందరూ నిలబడే వింటారని మర్యాదగా చెప్పాడు.

"తెల్లవార్లూ ఎట్టా నిలబడతారయ్యా?"

తొమ్మిదిన్నరకల్లా అయిపోతుందని రామకాంత్ చెప్పాడు. మధ్యాహ్నం నిద్ర దండగైనందుకు వీరాంజనేయులు కాసేపు బాధపడ్డాడు.

మొదట కనిగిరి కుర్రాడు బాషా. పోస్టర్ మీద అతని పేరు 'శూన్యం'. తల వంచుకుని మీటలు తిప్పాడు. నీళ్లందక బోరు గాలి పీల్చినట్టు ఓ చప్పుడు వచ్చింది. మైకు సరిచేస్తున్నారనుకుని వీరాంజనేయులు ఓపిగ్గా ఎదురుచూశాడు. కాసేపటికి అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయిన ప్రోగ్రాం అదేనని అప్పుడు తెలిసింది.

తర్వాత బెజవాడ నుంచి ఇద్దరు. మిర్చి చేలో రెండు పవర్ స్ప్రేయర్లు ఒకేసారి ఆన్ చేసినట్టుంది. కిటికీ అద్దాలు అదిరాయి. ఈలోగా బాషా వచ్చి దుప్పటి అంచున కూర్చుని కారప్పూస అందుకున్నాడు.

"ఇందాక నువ్వు చేసిందాంట్లో పాట ఎక్కడ మొదలైంది బాబూ?" అనడిగాడు వీరాంజనేయులు, రొద కాస్త తగ్గాక.

బాషా ఆలోచించాడు. "మొదలవలేదు అంకుల్. దాని ఉద్దేశమే అది."

"మొదలవకముందే చప్పట్లు కొట్టించుకున్నావంటే గట్టివాడివే."

చివరికి మాధురి వచ్చింది. తండ్రి వైపు చూడకుండా మీట తిప్పింది. అడుగున శ్రుతిలాంటి మోత, దాని మీద సన్నటి నాదం ఒకటి మెల్లగా పైకెక్కి, అక్కడే నిలబడింది. వీరాంజనేయులు వెన్ను నిటారైంది.

జనంలో మాత్రం చప్పుడు లేదు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కొందరు కళ్లు మూసుకున్నారు, ఒకడు నేల చూస్తున్నాడు. నాటకాల్లో జనం ఇలా ఉన్నారంటే ఇంకాసేపట్లో చాపలు దులుపుకుని పోతారని అర్థం. ఆయనకు కూతురి మీద జాలేసింది. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అనడం పద్ధతి. వన్స్‌మోర్ పడితే, చచ్చి పడి ఉన్న వేషగాడైనా లేచి మళ్లీ పాడాల్సిందే. పాడకపోతే పొగరంటారు.

"వన్స్‌మోర్," అన్నాడు. నాలుగు చేల అవతలికి వినపడే గొంతది.

మాధురి చెయ్యి ఆగింది. నాదం తెగిపోయింది. అందరూ దుప్పటి వైపు చూశారు.

"అది అప్పటికప్పుడు పుట్టింది అంకుల్, మళ్లీ రాదు," అని బాషా గుసగుసలాడాడు.

"పుట్టించిన పిల్ల అక్కడే ఉందిగా."

మాధురికి ఆ పద్ధతి తెలుసు. చిన్నప్పుడు ఎన్నో నాటకాలు ఆయన ఒళ్లోనే సగం చూసి, సగం నిద్రపోయింది. మొదటినుంచీ మళ్లీ ఎత్తుకుంది. నాదం పైకెక్కింది గాని, నిలబడాల్సిన చోట వణికి పక్కకు జారింది. వీరాంజనేయులు దగ్గాడు. దగ్గకూడదని గుర్తొచ్చేసరికే దగ్గేశాడు.

ఈసారి చప్పట్లు జోరుగా పడ్డాయి. ఆ అరుపూ దగ్గూ ప్రోగ్రాంలో భాగమేననుకున్నారు. ఆ పెద్దాయన పేరు పోస్టర్ మీద వెయ్యలేదేమని రామకాంత్‌ను ఒకమ్మాయి అడిగింది.

మెట్లు దిగుతుంటే లక్ష్మీదుర్గ ఫోన్ చేసింది. పక్కనే ఉన్న మాధురికి అన్నీ వినిపిస్తున్నాయి.

"మొదటిసారి బాగా పట్టింది. రెండోసారి జార్చేసింది," అన్నాడు వీరాంజనేయులు.

"అయితే ఇంకేం, తీసుకొచ్చేయండి."

"జారిపోయిందాన్ని అట్టాగే వదిలేసి వస్తే రేపు నేను ఏ మొహం పెట్టుకుని వేషగాళ్లను చూసి దగ్గాలే? కుదిరిందాకా ఇక్కడే ఉంటది." ఫోన్ పెట్టేసి కూతురి వైపు తిరిగాడు. "వచ్చే నెల మళ్లీ వస్తా."

"ఏదీ రెండోసారి అట్టాగే రాదు నాన్నా. ఈ సంగీతమే అంత."

"రాకపోతే అప్పుడు బ్యాంకు పరీక్ష రాద్దువుగాని."

మాధురి వాదించబోయి ఆగింది. చెయ్యి ఎక్కడ తొందరపడిందో ఆమెకూ తెలుసు. వైర్లు ఇంకా పీకేయలేదేమోనని మళ్లీ మెట్లెక్కింది.