మామ మీసం, బండి ఫిల్టరు

మొన్న ఆదివారం బళ్లారి కౌల్ బజార్లో ఒక స్పేర్ పార్ట్స్ అంగడికి పోయి, మా పాత బండికి ఎయిర్ ఫిల్టరు కావాలని అడిగితే, కౌంటరు వెనకున్న యువకుడు తల ఎత్తకుండానే ఫోనులో బండి పేరు కొట్టి, మూడు బొమ్మలు చూపించి, వీటిలో ఏది కావాలన్నాడు. అంతే. ఒక్క అబద్ధమైనా చెప్పలేదు. ఫిల్టరు అమ్మేవాడు అబద్ధం చెప్పకపోవడం ఎంత దిగులు పుట్టించే సంగతో, ఆ కాలపు బజారును ఎరిగిన మీబోటి వాళ్లకైతేనే తెలుస్తుంది.

ఎందుకంటే అదే సందులో, అలాంటి కౌంటరు వెనకే, నేను నా మొదటి ఉద్యోగం వెలగబెట్టాను. సండూరు కొండల్లో గనులు జోరుగా సాగుతున్న రోజులవి. ఇనుప మట్టి మోసే లారీలు లేపిన ధూళికి చోరనూరు దారిలో తెల్లకోళ్లు కూడా ఎర్రగుడ్లు పెడుతున్నాయనీ, తెల్లపంచె కట్టుకుని పెళ్లికి బయల్దేరినవాడు సన్యాసి అయి దిగుతున్నాడనీ వచ్చినవాళ్లకల్లా చెప్పేవాణ్ణి. గుడ్ల సంగతి కోత, పంచె సంగతి నిజం. అయితే నా పేరు నిలబెట్టింది మరో కథ. మేము అమ్మిన స్పాంజి ఫిల్టరు వేయించుకున్న బండి ఒకటి హగరి ఏట్లో ఇసుకలో కూరుకుపోయి, ఇంజను ఆగకుండా ఇసుక లోపల్లోపలే పోయి, అవతలి గట్టున రైల్వే స్టేషను దగ్గర తేలిందని చెప్పేవాణ్ణి. విన్నవాళ్లు నవ్వేవారు, నవ్వినవాళ్లు కొనేవారు.

సండూరులో ఉండే మా మేనమామ ఒకనాడు ఫిల్టరు కోసమని మా అంగడికే వచ్చాడు. అత్త తెల్లవారకముందే లేచి చేసిన బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు రెండు పెద్ద డబ్బాల్లో నింపి, వాటి మూతికి తడిగుడ్డ బిగించి కడితే, ఆయన వాటిని బండికి చెరో పక్క తగిలించుకుని, లారీలు బారులుతీరి నిలిచే గనుల దారికి పోయి అమ్ముకొచ్చేవాడు. ధూళి లోపలికి పోయి అప్పటికే ఒకసారి ఇంజను పట్టేసింది. ఇంకోసారి పట్టేస్తే పాత ఇనుము కింద తూకానికి వేసుకోవడమేనని మెకానిక్ చెప్పేశాడు. ఆ బండి ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

నేను మూడు రకాలు ముందు పెట్టాను. కంపెనీ తీరు కాగితం మడతలది ఒకటి, ఆ దారిలో అది వారానికే పూడిపోతుంది. గరాటు ఆకారంలో ఉండే ఓపెన్ ఫిల్టరు ఒకటి, బండికి పులి గొంతు వస్తుందిగానీ గాలితోబాటు సన్నధూళి కూడా లోపలికి నడిచిపోతుంది. మూడోది నూనెలో ముంచి పిండి పెట్టుకునే స్పాంజిది, పికప్ కాస్త తగ్గినా ధూళిని పట్టి ఉంచుతుంది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. మామ నా వివరణ ఏదీ చెవిన వేసుకోలేదు. ఒక్కొక్కటీ తీసి మూతికి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి లాగి చూడసాగాడు. మా అంగడి సాహెబు గల్లా దగ్గరనుంచి లేచి వచ్చాడు.

"మామా, వో గాడీకా హై. బండికి పెట్టాల, మూతికి కాదు."

"ధూళు ఆపేదానికి నాకు మీసం ఉండాది సాహెబూ, దానికి ఏముండాది? పాపం, మూగది," అన్నాడు మామ, స్పాంజి ఫిల్టరు పక్కకు తీసి పెట్టుకుంటూ. "ఊపిరి రొంత కష్టంగా వస్తాండాది. అంటే ధూళు కూడా కష్టంగానే పోతాది. ఇదే ఇయ్యప్పా."

నా నోరు ఊరుకోక, సొంత మామ అని కూడా చూడకుండా, అలవాటు కొద్దీ హగరి కథ ఎత్తుకున్నాను. ఆయన చివరిదాకా విని మీసం దువ్వుకున్నాడు.

"బండి తేలిందంటాండావు, సరే. పైన కూర్చున్నోడు యాడ తేలినాడు అల్లుడా?"

అంగడంతా నవ్వింది. ఆ కథలో బండి మీద మనిషిని నేనెప్పుడూ పెట్టనే లేదు.

ఆ స్పాంజి నా కోతలన్నిటినీ నిజం చేసింది. ప్రతి ఆదివారం మామ దాన్ని కిరసనాయిలులో కడిగి, నీడన ఆరబెట్టి, నూనె పట్టించేవాడు. కడిగిన కిరసనాయిలు ఎర్రగా, చిక్కగా గిన్నెలో నిలబడేది. ఇంజను గొంతు ఒక్కనాడు మారలేదు. మారింది మామ గొంతు. మొదట పొడి దగ్గు, తర్వాత దగ్గినప్పుడల్లా బండి ఆపి దిగవలసినంత దగ్గు. లారీ డ్రైవర్లకు మామ హారను కంటే ముందు దగ్గు వినిపించేదని నేను చెబితే కోత అనుకునేరు, ఆ మాట డ్రైవర్లు చెప్పిందే. అత్త ముక్కుకు వాయిలు గుడ్డ కడితే, ఊరు దాటగానే విప్పి జేబులో పెట్టుకునేవాడు. నోటికి గుడ్డ కట్టుకుని ఉగ్గాణి అని కేకేస్తే ఏ డ్రైవరుకు వినపడుతుంది? ధూళికి దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. చాలు, ఇంక పోవద్దని అత్త ఏడ్చింది. బండి బాగుండాది కదా, ఊరికే నిలబెట్టేది ఎందుకని ఆయన పోతూనే వచ్చాడు. బండి చెడిపోయి ఉంటే ఏమయ్యేదో నేనిప్పటికీ చెప్పలేను.

చివరికి బళ్లారి ఆసుపత్రిలో, గాలి పెట్టే మాస్కు ముఖానికి సరిగా కూర్చోవడం లేదని మీసం తీయించమన్నారు. మంగలి పని ముగించి అద్దం చూపిస్తే, ఎవరినో పరాయివాణ్ణి చూసినట్టు చూసి, నావైపు తిరిగాడు.

"ఫిల్టరు పీకేసినారు అల్లుడా."

ఆ తర్వాత ఆయన నవ్వించిన మాట ఏదీ నాకు గుర్తులేదు.

కర్మలన్నీ అయ్యాక అత్త బండి తాళం నా చేతిలో పెట్టింది. అది ఇప్పటికీ మొదటి కిక్కుకే లేస్తుంది. ఇప్పుడు లారీల మీద టార్పాలిన్లు కప్పుతున్నారు, దారి నల్లగా కనబడుతోంది, స్పాంజి కడిగితే కిరసనాయిలు బూడిదరంగుకే తిరుగుతుంది.

మొన్న ఆ యువకుడు, నేను స్పాంజి ఫిల్టరే కావాలంటే, అటకమీద నుంచి తీసిచ్చి, ఈ కాలంలో ఇది ఎవరూ అడగరు, బాగుంటాదా అంకుల్ అన్నాడు. హగరి కథ నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నవ్వేవాడేమో. పైన కూర్చున్నోడు యాడ తేలినాడని మాత్రం అడగడు. అలా అడిగే మనిషి లేనిచోట ఆ కథ చెప్పబుద్ధి కాలేదు. బాగుంటుందప్పా అన్నాను. సందు మలుపు తిరిగాక, ఎవరూ చూడటం లేదని చూసుకుని, ఫిల్టరు మూతికి అడ్డం పెట్టుకుని ఒక్క ఊపిరి లాగాను. కష్టంగానే వచ్చింది.