నక్కను దారి అడిగిన కుందేలు

గ్రంథాలయంలో కూర్చుని తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మా పుదుచ్చేరి తెలుగువాళ్లలో అవి చదవగలిగేవాళ్లు తక్కువ కాబట్టి నాకు గర్వం ఎక్కువ.

ఒకసారి మూలకుళం బస్సులో నా పక్కన ఒకామె, ఒళ్లోని పాపకు తెలుగు బొమ్మల పుస్తకం వేలుపెట్టి చదువుతోంది. చెప్పకుండా ఇల్లు దాటిన కుందేలు పిల్ల సముద్రం చూసి, నక్కనే దారి అడిగి ఇంటికొచ్చిందట. నేను పుస్తకంలోకి తొంగిచూశాను.

“అక్కా, అందులో అట్లా లేదు. అమ్మ మాట విననందుకు నక్క దాన్ని తినేసిందని రాసుండారు.”

పాప గబుక్కున పుస్తకం మూసేసింది.

“చూస్తివా, మూసేసె! నాకు అక్షరం యాడ వచ్చు? బొమ్మలు చూసి చెప్తా ఉండా. ఏంది ఇప్పుడు?” అందామె.

“రాసింది రాసినట్టు చదవాల కదక్కా?”

“బిడ్డని భయపెట్టేదానికి నేను లేనా? పుస్తకం ఎందుకన్నా?”

ఆమె మళ్లీ పుస్తకం తెరిచి, నన్నే చూస్తూ, నక్క బొమ్మ మీద వేలు పెట్టింది. “కుందేలు ఏమడిగె?”

“దారి!” అని పాప అరిచింది.

తర్వాత మా అమ్మాయికి ఆ పుస్తకమే వెతికి కొన్నాను. మా ఇంట్లోనూ కుందేలు నక్కను దారి అడుగుతుంది. అక్షరాలు వచ్చి కూడా, అలాగే చదువుతాను.