సోమశిల పడవలో మరదలు

ఉదయం ఆరున్నరకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సెక్కాం, నేనూ, బడిపంతులైన మా ఆయన రాఘవేంద్రా. పెళ్లయి ఐదేళ్లు. సోమశిల చూపిస్తానన్న మాటకూ ఐదేళ్లే. ఆడవాళ్లకు బస్సు ఉచితమై నాది సున్నా టికెట్టు కాబట్టి ఆయనకు ధైర్యం వచ్చినట్టుంది.

దారిలో నేను చదువుతున్నది మంచుదేశపు హత్యల నవల. అందులో ప్రతి జంటకూ ఒక చీకటి రహస్యం ఉంటుందని చెప్పాను.

"గవన్నీ గా దేశాలల్లనే. మనకేముంటయి?" అన్నాడాయన కిటికీలోంచి చూస్తూ.

వనపర్తిలో ఇడ్లీ తిని, కొల్లాపూర్‌లో ఆటో మాట్లాడుకుని, పదకొండున్నరకు సోమశిల చేరాం. కృష్ణలో పడవ కదిలాక, ఎదురుగా భర్త పక్కన కూర్చున్న ఒకామె మా ఆయన్ని పరీక్షగా చూసి, "బాగున్నవా బావా?" అని నాలుక కరుచుకుంది.

"బావ ఏంది?" అన్నాడు ఆమె భర్త.

"మా అక్క మొగడు."

"సచ్చిపోయిందంటివి, గా అక్కనా?"

మా ఆయనకు అబద్ధం వింటే ఊరుకోబుద్ధి కాదు. "సచ్చుడేంది? నన్ను ఇడిసిపెట్టి పోయింది. హైదరాబాద్‌ల మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఒక్క మాటతో రెండు కాపురాలు తేలిపోయాయి. ఎవరూ దిగిపోవడానికి లేదు, చుట్టూ నీళ్లు. "జర కదలకుండ కూసోండ్రి" అన్నాడు పడవాయన. అరగంటసేపు నలుగురం కొండలు చూశాం. కొండలు బాగున్నాయి.

ఒడ్డున చేపలకూర అన్నం ముందు అడిగాను. "ఆమె నీతోని ఎన్ని దినాలున్నది?"

"మూడు నెలలు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఒప్పుకుంటుంటివా?"

"తెల్వదు. నన్ను అడగలే గద."

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. నేనూ తినలేదు.

మూడింటికి కొల్లాపూర్‌లో ఆయన్ని వదిలేసి, మా అమ్మ ఉండే నాగర్‌కర్నూల్ బస్సెక్కి కూర్చున్నాను. వస్తున్నానని ఫోన్ చేశాను. "అమ్మా, ఈయనకు మొదలు ఒక పెళ్లయిందంట."

అమ్మ వెంటనే అడిగింది, "నీకు ఇప్పటిదాక చెప్పలేదా?"

ఫోన్ పెట్టేసి బస్సు దిగాను. ఆయన నేను వదిలిన చోటే నిలబడి ఉన్నాడు, రెండు నీళ్ల సీసాలతో. వనపర్తి బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం.

సోమశిల చూడదగ్గ చోటు. పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. జంటగా వెళ్లేవాళ్లు మాట్లాడుకోవలసినవి పడవెక్కక ముందే మాట్లాడుకోవడం మంచిది.

"ఇగ చెప్పు" అన్నాను.

"యాడికెల్లి చెప్పాలె?"

"ఆమె పేరుకాడికెల్లి."

వనపర్తి వచ్చేదాకా ఆయన గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. గద్వాల ఇంకా దూరమే కదా, నేనూ తొందర పెట్టలేదు.